పార్టీ బోట్‌లో ఒక్కరోజు దీవికి: పట్టాయా, ఫుకెట్, గోవా, అండమాన్‌లలో మన బ్యాచ్‌కి ఏది సరిపోతుంది?

నెల్లూరులోనో ఒంగోలులోనో ఓ పదిమంది స్నేహితులు కలిస్తే ఈ మధ్య ఈ మాట తరచుగా వస్తోంది. పిల్లల్ని అమ్మమ్మ వాళ్ళింట్లో దించేసి, పెద్దవాళ్ళం మాత్రమే ఏదైనా దీవికి వెళ్దాం, బోట్‌లో పాటలు, డాన్సు, కాస్త మందు, ఈత, సాయంత్రానికి వెనక్కి వచ్చేద్దాం అని. మొదటి రోజు వాట్సాప్ గ్రూపులో అందరూ సై అంటారు. వారం తిరిగేసరికి ఒకరు ఫుకెట్ అంటారు, ఒకరు గోవా చాలంటారు, ఇంకొకరు అండమాన్ లింకులు పంపిస్తారు, ఒకరు మాత్రం ఏమీ అనకుండా ఊరుకుంటారు. చాలాసార్లు ఆ ఊరుకున్న మనిషికి ఈత రాదు, లేదంటే పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది, లేదంటే మందు అలవాటు లేదు. నన్నడిగితే ట్రిప్ ఎక్కడికో తేల్చాల్సింది ఆ మనిషిని బట్టే. ఆ ఒక్కరికీ కుదిరే బోట్ దొరికితే మిగతా తొమ్మిది మందికీ అది కుదురుతుంది. తిరగేసి చూసుకుంటే మాత్రం కుదరదు.

ముందు మన దగ్గర ఏముందో చెప్పేస్తాను, ఎందుకంటే "అంత దూరం ఎందుకు, మైపాడులో పడవ మాట్లాడుకుందాం" అనేవాళ్ళు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. మైపాడు, కొత్తకోడూరు, కొత్తపట్నం బీచ్‌లు మంచివే, కానీ చేపల బోట్లు చేపల కోసం కట్టినవి. వాటిలో మనుషుల్ని ఎక్కించుకుని లోపలికి వెళ్తే లైఫ్ జాకెట్లు ఉండవు, ఏదైనా జరిగితే అడిగే నాథుడూ ఉండడు. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. సరిగ్గా వేసవి సెలవుల్లోనే బోట్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి, ఆ టైమ్‌లోనే ఎవరో ఒకరు "తీసుకెళ్తాం రండి" అంటారు. వద్దనండి. తడ దగ్గర భీమునివారిపాలెం నుంచి పులికాట్ సరస్సు మీదుగా ఇరకం దీవికి పడవలో వెళ్లొచ్చు, చలికాలంలో ఫ్లెమింగోలు కనిపిస్తాయి, చాలా హాయిగా ఉంటుంది. కానీ అది పక్షుల రక్షిత ప్రాంతం, అక్కడ డీజే పెట్టాలన్న ఆలోచనే రాకూడదు. మందు లేకుండా ఒక ఆదివారం గడపాలనుకునేవాళ్ళకి ఇరకం బాగుంటుంది. పార్టీకి మాత్రం బయటికి వెళ్లాల్సిందే.

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది నీటి మీద ఎంతసేపు ఉంటాం అన్నది. దీవి ఫొటో చూసి ఎంచుకుంటారు గానీ, ఆ దీవికి స్పీడ్‌బోట్‌లో పావుగంటా, గంటా అన్నదాంట్లోనే రోజంతా ఎలా గడుస్తుందో తేలిపోతుంది. వాంతులు చేసుకుంటూ గంట సేపు వెళ్లిన మనిషికి ఆ తర్వాత ఎంత అందమైన బీచ్ చూపించినా ఎక్కదు.

రెండోది నెల. మనకి సెలవు దొరికేది సంక్రాంతికి, వేసవిలో, దసరాకి. ఆ నెలలో అక్కడి సముద్రం ఎలా ఉంటుందో చూడాలి. ఇందులో తప్పిన గ్రూపులు టికెట్లు కొన్నాక తెలుసుకుంటాయి.

మూడోది బోట్ ఎవరిది, అందులో ఎవరెవరు ఉంటారు. పార్టీ బోట్ అంటే రెండు రకాలు: తలా ఒక టికెట్ కొనుక్కుని వేరే దేశాల వాళ్ళతో, వేరే గ్రూపులతో కలిసి వెళ్ళేది ఒకటి, బోట్ మొత్తం మనమే మాట్లాడుకునేది ఇంకొకటి. చాలా షేరింగ్ పార్టీ బోట్లలో పిల్లల్ని ఎక్కించుకోరు, వయసు చూపించమంటారు. థాయిలాండ్‌లో మద్యానికి కనీస వయసు 20, గోవాలో మన ఆంధ్రాలో లాగే 21.

ఆ తర్వాతే మందు చట్టాలు, ఖర్చు, మన ఊరి నుంచి ప్రయాణం. ఖర్చు చిన్న విషయం అనడం లేదు. అయితే ఖర్చు తగ్గించుకునే చోట్లు ఉన్నాయి, తగ్గించకూడని చోటు బోట్.

ముందు ఒక్క చూపులో పెడతాను, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం.

| ఎక్కడికి | నీటి మీద | మంచి నెలలు | బోట్‌లో మందు, పాటలు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| పట్టాయా నుంచి కో లాన్ | దాదాపు 7 కి.మీ., స్పీడ్‌బోట్‌లో పావుగంట, ఫెర్రీలో ముప్పావుగంట | నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా బెస్ట్, సెప్టెంబర్, అక్టోబర్‌లలో వానలు | ఉంటాయి | మొదటిసారి వెళ్ళేవాళ్ళు, పెద్ద గ్రూపులు |
| ఫుకెట్ నుంచి కో హే, రాచా | కో హేకి పావుగంట, ఇరవై నిమిషాలు, రాచా ఇంకొంచెం దూరం | నవంబర్ నుంచి ఏప్రిల్ | కటమరాన్‌లలో (వెడల్పాటి జంట పడవల్లో) ఉంటాయి | జంటలు, 35 దాటినవాళ్ళు |
| ఫుకెట్ నుంచి ఫీ ఫీ | దాదాపు 45 కి.మీ., స్పీడ్‌బోట్‌లో గంట | నవంబర్ నుంచి ఏప్రిల్ | బోట్‌ని బట్టి | ఈత వచ్చినవాళ్ళు, అలలకి తట్టుకునేవాళ్ళు |
| గోవా నుంచి గ్రాండే ఐలాండ్ | ఉత్తర గోవా నుంచి గంట పైచిలుకు | అక్టోబర్ నుంచి మే | బీరు, పాటలు, బార్బెక్యూ | పాస్‌పోర్ట్ లేనివాళ్ళు, కుర్ర బ్యాచ్ |
| అండమాన్ | వెళ్ళే దీవిని బట్టి | అక్టోబర్ నుంచి మే | ఉండవు | సముద్రం కోసం వెళ్ళేవాళ్ళు, పార్టీ అక్కర్లేనివాళ్ళు |

మాల్దీవులు, లక్షద్వీప్ ఇందులో ఎందుకు లేవంటే, మాల్దీవుల్లో స్థానికులు ఉండే దీవుల్లో మద్యం నిషేధం, రిసార్టుల్లోనూ, అనుమతి ఉన్న సఫారీ బోట్లలోనూ మాత్రమే దొరుకుతుంది, ఇక్కడి నుంచి బాటిల్ తీసుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు. లక్షద్వీప్‌కి పర్మిట్ కావాలి, బంగారం దీవి తప్ప మిగతా చోట్ల మద్యం లేదు. హనీమూన్‌కి సరే, ఒక్కరోజు బోట్ పార్టీకి ఆ రెండూ కుదరవు.

పట్టాయా, కో లాన్

మన వైపు నుంచి ఎక్కువమంది వెళ్ళేది ఇక్కడికే, దానికి కారణం ఉంది. చెన్నై నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానాలున్నాయి, మూడున్నర గంటల ప్రయాణం. అక్కడి నుంచి పట్టాయాకి రోడ్డు మీద రెండు గంటలు. కో లాన్‌కి బోట్లు బాలి హాయ్ పియర్ (రేవు) నుంచి బయల్దేరతాయి. మామూలు ఫెర్రీ టికెట్ చాలా చవక, మొన్నమొన్నటి దాకా ఒకవైపుకి 30 బాట్లే (బాట్ అంటే థాయిలాండ్ కరెన్సీ). అంటే గ్రూపులో ఇద్దరికి బోట్ పార్టీ వద్దనిపిస్తే వాళ్ళు ఫెర్రీలో నేరుగా దీవికి వచ్చి మిగతావాళ్ళని కలుసుకోవచ్చు. ఈ వెసులుబాటు ఇంకెక్కడా ఇంత సులువుగా దొరకదు. ఆ ఊరుకున్న మనిషికి ఇది చాలా పెద్ద విషయం.

లోటు ఏంటంటే జనం. టావెన్ బీచ్‌లో టూర్ బోట్లన్నీ ఒకేసారి దించుతాయి, పదకొండింటికి కాలు పెట్టే చోటు ఉండదు. బోట్ మనం మాట్లాడుకున్నదైతే సమే బీచ్‌కి పొమ్మనండి, అక్కడ నీళ్ళు కూడా బాగుంటాయి. బీచ్‌లో జెట్‌స్కీ అద్దెకి తీసుకునేవాళ్ళు ఎక్కే ముందే దాని చుట్టూ వీడియో తీసుకోవాలి. ముందే ఉన్న గీతలు చూపించి డబ్బులు అడగడం అక్కడ పాత అలవాటు.

ఒక జాగ్రత్త. "కోరల్ ఐలాండ్ టూర్" అని ఏజెంట్ చెబితే ఏ కోరల్ ఐలాండో అడగండి. పట్టాయాలో కో లాన్‌నీ అలాగే అమ్ముతారు, ఫుకెట్‌లో కో హేనీ అలాగే అమ్ముతారు. రెండింటి మధ్య వందల కిలోమీటర్లు.

ఫుకెట్: ఒకే ఊరు, రెండు వేర్వేరు రోజులు

ఫుకెట్ వెళ్దాం అనుకున్నాక కూడా అసలు ఎంపిక మిగిలే ఉంటుంది, చాలామంది ఇక్కడ ఆగకుండా ఫీ ఫీకి టికెట్ తీసేస్తారు. ఫీ ఫీ అందం గురించి నేను చెప్పక్కర్లేదు, అక్కడి మాయా బే (చిన్న అఖాతం) ఫొటోలు అందరి ఫోన్లలో ఉన్నాయి. కానీ అది పార్టీ రోజు కాదు. పగడాలు పాడైపోయాయని 2018 జూన్‌లో మాయా బేని మూసేసి 2022 జనవరిలో తెరిచారు, ఇప్పుడూ ఏటా ఆగస్టు, సెప్టెంబర్‌లలో మూస్తారు. తెరిచి ఉన్నప్పుడు కూడా ఆ బేలో ఈత కొట్టనివ్వరు, మోకాలి లోతు వరకే. విదేశీ పెద్దవాళ్ళకి నేషనల్ పార్క్ ఫీజు 400 బాట్లు, టికెట్‌లో కలిపారో లేదో చూసుకోవాలి. స్పీడ్‌బోట్ అలల మీద ఎగిరి పడుతుంటే ముందు వరసలో కూర్చున్నవాళ్ళ నడుములు పోతాయి. గర్భిణుల్ని, వెన్నునొప్పి ఉన్నవాళ్ళని చాలా కంపెనీలు ఎక్కించుకోనే ఎక్కించుకోవు. ఫీ ఫీ చూడాలనుకుంటే చూడండి, తప్పకుండా చూడదగ్గదే, ఆ రోజు మందు పెట్టుకోకండి.

పార్టీ రోజుకి నా ఓటు చాలోంగ్ పియర్ నుంచి కో హే వైపు వెళ్ళే కటమరాన్‌కి. కటమరాన్‌కి కింద రెండు పొడుగాటి భాగాలు ఉంటాయి కాబట్టి పక్కలకి ఊగడం తక్కువ, ముందు వైపు వల మీద పడుకోవచ్చు, మధ్యలో నీడ ఉంటుంది, చాలా వాటిలో టాయిలెట్ ఉంటుంది. ఆడవాళ్ళు ఉన్న గ్రూపుకి ఈ టాయిలెట్, బట్టలు మార్చుకునే చోటు ఎంత ముఖ్యమో స్పీడ్‌బోట్ ఎక్కాక గానీ మగవాళ్ళకి అర్థం కాదు. నెమ్మదిగా వెళ్తుంది, అదే కావాలి. దూరం తక్కువ కాబట్టి ఎవరికైనా బాగాలేకపోతే త్వరగా ఒడ్డుకి చేర్చొచ్చు. ఖర్చు కో లాన్ కంటే ఎక్కువే అవుతుంది, పదిమంది పంచుకుంటే మాత్రం షేరింగ్ పార్టీ బోట్ టికెట్లకీ దీనికీ మధ్య తేడా మీరు అనుకున్నంత ఉండదు, రెండు రేట్లూ పక్కపక్కన పెట్టుకుని లెక్కేసుకోండి.

నెల విషయంలో ఫుకెట్‌తో ఆటలొద్దు. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనాలు ఫుకెట్ వైపున్న సముద్రాన్ని కుదిపేస్తాయి. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే టూరిస్టు బోట్ తుపానులో చిక్కి మునిగిపోయి 47 మంది చనిపోయారు. ఆ బోట్ రాచా వైపు నుంచి తిరిగి వస్తోంది. పిల్లలకి స్కూళ్ళు తెరిచాక, జూన్, జూలైల్లో చవకగా టికెట్లు దొరుకుతున్నాయని ఫుకెట్ బుక్ చేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ నెలల్లోనే వెళ్లాలంటే థాయిలాండ్ అవతలి వైపు, కో సముయి, కో ఫాంగాన్ వైపు చూడండి. అక్కడ ఎక్కువ వానలు పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, జూన్, జూలై బాగానే ఉంటాయి.

ఇంకో రెండు సంగతులు థాయిలాండ్ మొత్తానికీ. బౌద్ధుల పండుగ రోజుల్లో మద్యం అమ్మకాల మీద ఆంక్షలు ఉంటాయి, మీ తేదీలు వాటితో కలిసాయేమో చూసుకోండి. ఈ-సిగరెట్లు అక్కడ చట్టవిరుద్ధం, బ్యాగులో కూడా పెట్టుకోవద్దు. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ తీసే రోజు అధికారిక సైట్‌లో ఒకసారి చూడండి, పోయినేడాది వెళ్లొచ్చిన బావమరిది మాట సరిపోదు.

గోవా

పాస్‌పోర్ట్ లేని ఒక్కరి కోసం పదిమంది ఆగిపోవడం మనకి అలవాటే, అలాంటప్పుడు గోవా. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు వాళ్ళకి ఇంకో సుఖం ఉంది, వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఆ దారినే పోతుంది. అది రోజూ ఉండదు, ఏ రోజుల్లో ఉందో చూసుకుని తేదీలు పెట్టుకోవాలి.

గ్రాండే ఐలాండ్ ట్రిప్‌లో పొద్దున్నే బయల్దేరతారు, దారిలో అదృష్టం ఉంటే డాల్ఫిన్లు, దీవి దగ్గర స్నార్కెలింగ్ (కళ్ళకి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి కింద చూడడం), బార్బెక్యూ, బీరు, మధ్యాహ్నానికి వెనక్కి. సరదాగా ఉంటుంది, కుర్రాళ్ళకి బాగా నచ్చుతుంది. నీళ్ళు మాత్రం థాయిలాండ్, అండమాన్ అంత తేటగా ఉండవు, ఆ ఫొటోలు మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశే. షేరింగ్ బోట్ కాబట్టి పక్కన ఎవరుంటారో మన చేతిలో లేదు. ఆడవాళ్ళు కూడా ఉన్న గ్రూపైతే బోట్ మొత్తం మాట్లాడుకోండి, లేదంటే ఈ ట్రిప్ వదిలేసి మంచి రిసార్ట్‌లో సాయంత్రం గడపండి. అక్కడ అపరిచితులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తుంటే ఏ ఆడమనిషీ హాయిగా నీళ్ళలోకి దిగలేదు. బీచ్‌లో బహిరంగంగా తాగితే జరిమానా వేస్తారు. వానాకాలంలో బోట్లు తిరగవు.

అండమాన్

చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు విమానం, పాస్‌పోర్ట్ అక్కర్లేదు, మన దేశంలో ఇంతకంటే మంచి సముద్రం లేదు. పోర్ట్ బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, టికెట్ల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడొద్దు. హావ్‌లాక్ నుంచి ఎలిఫెంట్ బీచ్‌కి బోట్‌లో ఇరవై నిమిషాలు, స్నార్కెలింగ్‌కి చాలా బాగుంటుంది. కానీ ఇక్కడ పార్టీ బోట్ సంస్కృతి లేదు, ఉండాలని కోరుకోవడం కూడా తప్పే. సాయంత్రం ఐదు, ఐదున్నరకే చీకటి పడిపోతుంది. మందు కావాలంటే హోటల్ బార్‌లో కూర్చోవాలి. గ్రూపులో సగం మందికి పైగా తాగనివాళ్ళైతే నేను మరో మాట లేకుండా అండమాన్ అంటాను.

మందూ, నీళ్ళూ ఒకే గంటలో వద్దు

2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు వాళ్ళే. సముద్రం కాదు, తుపాను లేదు, సరదాగా వెళ్లిన ఆదివారం సాయంత్రం. మన జిల్లా వాళ్ళకి బోట్ జాగ్రత్తల గురించి ఇంకొకరు వచ్చి చెప్పాల్సిన అవసరం ఉండకూడదు.

కాబట్టి జెట్టీ దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా గట్టిగా పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా లేచిపోతే అది నీళ్ళలో కూడా అలాగే లేస్తుంది, చిన్న సైజు అడగండి, లేదా కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నది అడగండి. మనవాళ్ళలో బక్కపల్చగా ఉన్నవాళ్ళకి అక్కడి పెద్ద జాకెట్లు సరిపోవు. బట్ట ఎండకి వెలిసిపోయి వేలితో గీరితే పొడి రాలుతుంటే ఆ జాకెట్ వద్దు. మనుషుల్ని లెక్కపెట్టండి, జాకెట్లు లెక్కపెట్టండి. ఇంజన్లు ఎన్నో చూడండి, ఒక్కటే ఉన్న స్పీడ్‌బోట్‌లో దూరం వెళ్లొద్దు.

రోజుని ఇలా పెట్టుకోమని నా సలహా. పొద్దున ఇడ్లీ లాంటిది ఏదైనా తేలికగా తిని ఎక్కడం, దీవికి చేరాక ఈత, స్నార్కెలింగ్ అన్నీ ముందు కానిచ్చేయడం, మధ్యాహ్న భోజనం తర్వాత ఇక నీళ్ళలోకి ఎవరూ దిగరని ముందే ఒట్టు పెట్టుకుని, అప్పుడు సీసాలు తెరవడం. తిరుగు ప్రయాణమే పార్టీ. ఇంత మాత్రానికి సరదా ఏమీ తగ్గదు, సాయంత్రం ఎండ తగ్గాక పాటలు పెడితేనే అసలు ఊపు వస్తుంది. గ్రూపులో ఒకరిద్దరు ఆ రోజు తాగకుండా ఉండాలి, వాళ్ళ పేర్లు ముందే అనుకోవాలి. అలా ఉన్నవాళ్ళ బోట్ ఖర్చు మిగతావాళ్ళు భరిస్తే న్యాయంగా ఉంటుంది.

కడుపులో తిప్పేవాళ్ళు అవోమిన్ లాంటి మాత్ర వేసుకుంటారు కదా, అది మందుతో కలిస్తే మత్తు బాగా పెరుగుతుంది. మాత్ర వేసుకున్నవాళ్ళు ఆ రోజు గ్లాసు ముట్టుకోవద్దు. షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి ఎండ, ఖాళీ కడుపు, మందు కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, డాక్టర్‌ని అడిగి వెళ్ళండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు, మంచిదే, కానీ తాగి ఉన్నప్పుడు జరిగిన ప్రమాదాన్ని చాలా పాలసీలు ఒప్పుకోవు, ఆ పేరా చదవండి.

ఎవరికి ఏది

పెళ్ళై పదిహేను, ఇరవై ఏళ్ళైన నాలుగైదు జంటలు, మొదటిసారి విదేశం: డబ్బు కుదిరితే ఫుకెట్ కటమరాన్, కుదరకపోతే కో లాన్‌కి సొంతంగా మాట్లాడుకున్న బోట్. షేరింగ్ పార్టీ బోట్ వీళ్ళకి వద్దు.

కాలేజీ బ్యాచ్ రీయూనియన్, అందరూ మగవాళ్ళే, ఇరవై మంది: కో లాన్. ఇంతమందిని ఒక చోటికి చేర్చడమే కష్టం, దగ్గరి దారే మంచిది. పెళ్ళికి ముందు బ్యాచిలర్ పార్టీకి కుర్రాళ్ళు వెళ్తుంటే గోవా చాలు.

ఆడవాళ్ళు మాత్రమే వెళ్ళే గ్రూపులు మన దగ్గర ఈ మధ్య పెరిగాయి, చాలా సంతోషం. వాళ్ళకి బోట్ మొత్తం మాట్లాడుకోవడం ఒక్కటే నేను గట్టిగా చెప్పేది, ఊరు ఏదైనా సరే. అందరూ ఒప్పుకుంటే తప్ప ఎవరి ఫొటో ఎవరూ స్టేటస్ పెట్టకూడదన్న మాట బయల్దేరే ముందే అనుకోండి, జంటల గ్రూపుల్లో కూడా.

శాకాహారులు ఉంటే థాయి బోట్లలో ఇబ్బందే, కూరల్లో కూడా చేపల సాస్ పోస్తారు. బుక్ చేసేటప్పుడే "జే" భోజనం కావాలని రాసి పంపండి, అంటే మాంసం, చేప, గుడ్డు ఏవీ లేనిది. అయినా పులిహోరో, పొడీ నెయ్యో వెంట ఉంచుకోండి.

మన ఊరి నుంచి లెక్క

నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్ట్‌కి కారులో నాలుగు గంటలు పెట్టుకోండి, ఒంగోలు నుంచైతే ఇంకో రెండు గంటలు కలపండి. ఎయిర్‌పోర్ట్ ఊరికి అవతలి వైపు ఉంది, రెడ్‌హిల్స్ దాటాక ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేం. పగటి పూటైతే పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్ట్‌లోనే దిగొచ్చు, కారు కంటే టెన్షన్ తక్కువ.

బ్యాంకాక్ విమానాలు చాలావరకు రాత్రిళ్ళు. నిద్ర లేకుండా తెల్లారి దిగి, అదే రోజు బోట్ ఎక్కే ప్యాకేజీలు అమ్ముతారు, తీసుకోకండి. బోట్ రోజు రెండో రోజుగానో మూడో రోజుగానో ఉండాలి, చివరి రోజు అసలు పెట్టుకోవద్దు. వాతావరణం బాగాలేక బోట్ రద్దైతే మర్నాటికి జరుపుకోవడానికి చోటు ఉండాలి కదా. డబ్బు కట్టే ముందు ఏజెంట్‌ని అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: గాలివాన వల్ల మీరు రద్దు చేస్తే డబ్బు వెనక్కిస్తారా, వేరే రోజు ఇస్తారా, అలలు చూసి మేమే వద్దనుకుంటే ఏం చేస్తారు. జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పని ఏజెంట్‌కి అడ్వాన్స్ పంపకండి, రేటు ఎంత తక్కువైనా.